ఢిల్లీ అత్తయ్య ఉద్యోగం

మొన్న ఇక్కడ మస్కట్‌లో, దార్సైట్‌లోని మా మనవరాలి బడిలో ప్రదర్శన పెట్టారు. పిల్లలు అట్టల మీద పాత కంప్యూటర్ల బొమ్మలు అతికించారు. ఒకదాంట్లో గదంత యంత్రం, దాని ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్ళు. వీళ్ళు యుద్ధకాలంలో శత్రువుల రహస్య సందేశాలు విప్పినవాళ్ళని మనవరాలు గడగడా అప్పజెప్పింది. నేను తలూపాను. బయటికొచ్చి కారెక్కాక గాని మా ఢిల్లీ అత్తయ్య గుర్తుకు రాలేదు.

ఆవిడ మావారి మేనత్త. కాకినాడ మనిషి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఢిల్లీలో ఏదో సైనిక కార్యాలయంలో పనిచేసిందని తప్ప ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. అడిగితే "టైపు కొట్టేదాన్ని" అనేది. డెబ్బై దాటాక ఒక చలికాలం మస్కట్‌లో మా దగ్గర గడిపింది. బాల్కనీలోంచి కనిపించే కొండలను చూసి, "ఒక్క గడ్డిపోచైనా లేదేమే, గుండు చేయించుకున్నట్టు!" అనేది. పక్కింటి ఒమానీ ఆవిడ ఆప్యాయంగా పంపిన కహ్వా కాఫీ ఒక్క గుక్క తాగి, "పాలు లేవు, పంచదార లేదు. ఎవరికే జ్వరం?" అంది. అయినా రోజూ తాగేది, దాంతోపాటు వచ్చే ఖర్జూరాల కోసం.

ఆవిడకు పెళ్ళి కుదిరి తప్పిపోయిందని మా అత్తగారు చెప్పేవారు. యుద్ధం అయ్యాక పెళ్ళికొడుకు తనే వచ్చి, "అన్నేళ్ళు అక్కడ ఏం చేశావో నాకొక్కడికి చెప్పు. మా అమ్మకు నేను సర్దిచెప్పుకుంటాను" అన్నాడట. ఈవిడ నోరు విప్పలేదు. ఊరు తనకు తోచింది అనుకుంది.

ఒక శుక్రవారం భోజనాలయ్యాక టీవీలో ఇంగ్లండు ముసలమ్మలు నవ్వుతూ తమ యుద్ధకాలపు ఉద్యోగం గురించి చెబుతున్నారు. చిల్లుల కార్డులు, వాటిని వేరుచేసే యంత్రాలు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్తయ్య చేతులు ఆగిపోయాయి.

"వీళ్ళు చెప్పేస్తున్నారేమిట్రా?" అంది మావారితో.

"చెప్పొచ్చత్తా. ఆ రహస్యం ఎత్తేసి చాలా ఏళ్ళయిందట."

"నాకెవరూ చెప్పలేదే."

బాల్కనీలో ఆరేసిన బట్టలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. "మీరూ ఇదే చేశారా అత్తయ్యా?" అన్నాను.

"అంకెలిచ్చేవాళ్ళు. వాటిని చూసి అట్టముక్కల మీద చిల్లులు కొట్టేదాన్ని. జపానువాళ్ళ కబుర్లట. అందులో ఏముందో మాకూ చెప్పలేదు. ఎవరికీ చెప్పనని ప్రమాణం మాత్రం చేయించుకున్నారు."

మావారు ఉండబట్టలేక, "ఆ ముక్కే ఆ పెళ్ళికొడుకుతో అనుంటే సరిపోయేది కదత్తా" అన్నారు.

"అప్పుడు అనకూడదు కదరా" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఎత్తేశారని ఆయనకి తెలిసుంటుందా?" అని అడిగింది. ఆయన పోయి అప్పటికే చాలాకాలమైంది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఆవిడ మరో కాయ అందుకుంది. రాత్రికి అదే కూర తిన్నాం. ఉప్పు కాస్త తగ్గిందనుకున్నాం.

కాకినాడ తిరిగి వెళ్ళిన కొన్నాళ్ళకే ఆవిడ పోయింది. ఫోను వచ్చినప్పుడు స్టవ్ కట్టేసి అలా నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు. ఇప్పుడూ అంతే, ఏమనిపించాలో తెలియదు. ఆవిడ మౌనానికి గడువు ఎప్పుడో తీరిపోయింది. తీరిందన్న కబురు మాత్రం ఆవిడ దాకా రావడానికి ఒక జీవితకాలం పట్టింది.