గీత పడని టీ కూజా

గురువారం సాయంత్రం నాలుగున్నరకి ఆర్నో గాజు టీ కూజా కడుగుతూ దాని ముక్కుని కుళాయికి తగిలించాడు. ముక్కు తొట్లో పడింది. మిగతా కూజా అతని చేతిలోనే ఉంది. చెప్పకుండా ఇంటికి పోదామనుకున్నాడు గానీ, దాన్నెక్కడ దాచాలో తోచక ఆగిపోయాడు.

ఎందుకంటే అది ఓటిలీ గారి టీ కూజా. ఎనభై దాటిన ఆవిడకి ఉన్నది ఒక్కటే పిచ్చి. గాజు సామాన్లకి పేరుపడ్డ యేనా ఊళ్ళో, వాళ్ళుండే ఆ మేడంతటికీ తెలుసు. టీ పోయించే ముందు కూజాని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి, "మా అమ్మ పెళ్ళినాటిది. ఒక పువ్వా, ఒక తీగా? ఉత్త గాజు, ఉత్త గుండ్రం. ఇన్నేళ్ళలో గీత పడలేదు!" అనాల్సిందే. మీటరు చూడ్డానికొచ్చినవాడూ విన్నాడు. పరామర్శకొచ్చిన పాదిరిగారు ప్రార్థన మధ్యలో ఆపి మరీ విన్నారు.

పోనీ అంత అపురూపాన్ని అద్దాల బీరువాలో పెడుతుందా?

"గాజు ఉన్నది చూస్తూ కూర్చోడానికా? తాగడానికి!" అంటూ వచ్చినవాళ్ళ చేతే పోయిస్తుంది, వాళ్ళ చేతే కడిగిస్తుంది.

ఆర్నో ట్రాము నడిపి రిటైరైనవాడు. భార్య పోయాక అతను నోరు విప్పి మాట్లాడేది ఓటిలీ గారి టీ బల్ల దగ్గరే. అదీ ఇవాళ్టితో సరి.

"ఓటిలీ గారూ... పగిలింది."

ఆవిడ ముక్క వంక చూసింది. "చెయ్యి తెగిందా?"

"లేదు."

"అయితే ఎవరికీ చెప్పకు. ఆదివారం నాలుగింటికి రా."

"నా మొహం ఎలా చూపించనండీ?"

"నీ మొహం ఎవరిక్కావాలి? కేకు కోయడానికి మనిషి కావాలి."

ఆదివారం ఆర్నో వెళ్ళలేదు. నాలుగూ అయిదుకి పై అంతస్తు ఓటిలీ గారింట్లోంచి చీపురుకర్రతో ధన్ ధన్‌మని మూడు దెబ్బలు. సున్నం రాలి అతని నెత్తిన పడింది. వెళ్ళాడు.

బల్ల మీద కూజా ఉంది. ముక్కుతో సహా.

"ఇన్నేళ్ళలో గీత పడలేదు!" అంది ఓటిలీ గారు.

ఆర్నోకి కేకు గొంతుకడ్డం పడింది. ఎదురుగా, అదే మేడలో ఉండే రోస్విత టీచరు ఎర్రబడింది. పళ్ళ డాక్టరు లోథార్ దీపం వంక దీక్షగా చూస్తున్నాడు.

మెట్ల దగ్గర ఆర్నో ఆగలేకపోయాడు. "టీచరుగారూ, మొన్న దాన్ని నేను పగలగొట్టానండీ."

"మీరేమిటి? పదేళ్ళ కిందట నేను పగలగొట్టాను! సిగ్గుతో ఇల్లు మారిపోదామనుకుంటుంటే, ఎవరికీ చెప్పకు, ఆదివారం రా అంది."

"ఉండండుండండి," అన్నాడు లోథార్. "నేను రెండుసార్లు."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. శనివారాలు ఆవిడ చక్రాల సంచీ లాక్కుంటూ పాత సామాన్ల సంతకి పోతుంటే, చెత్త పోగేస్తోందని నవ్విన మొహాలే అవి.

తిరిగి పైకెక్కారు. లోథార్ బల్ల గుద్దాడు. "ఇన్నాళ్ళూ మమ్మల్ని మోసం చేశారండీ మీరు!"

ఓటిలీ గారు కూజాని ఒళ్ళోకి తీసుకుంది.

"గుద్దకు నాయనా, అలమారాలో మా అమ్మ పెళ్ళినాటివి ఇక రెండే మిగిలాయి."