దిబ్బ మీద చివర నడిచే మనిషి

మా మేడమ్‌గారు పోయారన్న కబురు నాకు నాగమణి చెప్పింది. చైత్రమాసం. పొద్దున్నే కాలేజీకి బయల్దేరుతూ కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే సెల్లు మోగింది. "అమ్మాయిగారండీ, పిట్టల మేడమ్‌గారు ఇక లేరండి. తెల్లారుతుండగా నా చేతిలోనే పోయారండి" అంది. రాయడానికి సిగ్గుగా ఉంది గాని, రాయకపోతే ఈ నాలుగు మాటలూ అబద్ధమైపోతాయి. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. 'నీ చేతిలోనా?' అనుకున్నాను.

రాజమండ్రి నుంచి నరసాపురం వెళ్ళే బస్సులో దారి పొడుగునా అదే. పది రోజులుగా జ్వరమట. ఆ పది రోజులూ నాగమణి తన సంసారం వదిలి ఆవిడ ఇంట్లోనే ఉందట. నాకెందుకు చెప్పలేదని అడిగితే, "మీకు పరీక్షల టైము, కంగారు పెట్టొద్దన్నారండి మేడమ్‌గారు" అంది. ఆవిడ అలా అనే మనిషే. అన్నారో లేదో మాత్రం ఇప్పుడు నాకెవరు చెబుతారు?

తొంభైల మొదట్లో విశాఖలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, మేడమ్‌గారు జువాలజీ శాఖకి హెడ్‌గా ఉన్న నరసాపురం కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. పొట్టి మనిషి, నేత చీరలు, మెడలో నల్ల తాడుకి వేలాడే పాత బైనాక్యులర్స్. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు, ఆవిడకి చెప్పే తీరికా లేదు. చేరిన వారానికే, "ఆదివారం ఏం చేస్తావమ్మా?" అన్నారు. ఏమీ లేదన్నాను. "అయితే చెప్పులు లేకుండా నడవడం అలవాటు చేసుకో" అన్నారు.

గోదారి సముద్రంలో కలిసే చోట, నీళ్ళ మధ్యలో ఒక ఇసుక దిబ్బ ఉంది. ఇవతలి గట్టున మడ అడవి, అవతల సముద్రం. ఎండాకాలం వస్తే రేవుపిట్టలు అక్కడ దిగుతాయి. తెల్లటి ఒళ్ళు, నల్లటి టోపీ, పచ్చటి ముక్కు. అవి గూడు కట్టవు. ఇసుకలో అరచేయంత గుంట చేసి రెండో మూడో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లది ఇసుక రంగే. కాలి కింద ఉన్నా కనపడవు. వాటిని లెక్కపెట్టడానికి మేడమ్‌గారు వారం వారం వెళ్ళేవారు. పడవలోనే చెప్పులు విడిచేసి, కొంగు నడుముకి బిగించి, "చూపు ముందు, కాలు తర్వాత" అని దిగేవారు. ఆవిడ అడుగు పడిన చోటే వెనకవాళ్ళు అడుగు వెయ్యాలి. పక్కకి వెయ్యకూడదు. మాట్లాడకూడదు. తిరిగొచ్చాక పడవలో స్టీలు క్యారియర్ విప్పి పులిహోర పెట్టేవారు. అందులో ఎప్పుడూ పులుపు ఎక్కువ.

రెండోసారి వెళ్ళినప్పుడే నేను అడుగు తప్పాను. దూరంగా ఒక పిట్ట కూర్చుని లేవడం చూశాను. గూడు నేనే కనిపెట్టి చూపించాలని ఆశ. వరసలోంచి రెండడుగులు పక్కకి వేశాను. మడమ కింద సన్నగా, అప్పడం విరిగినట్టు చప్పుడైంది. రెండు గుడ్లు. మేడమ్‌గారు వచ్చి, కూర్చుని, వాటి మీద ఇసుక కప్పారు.

"ఏ కాలు?" అన్నారు.

"కుడికాలండి."

"దానికి గుర్తుంటుందిలే" అన్నారు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆ మరుసటి వారమే నాగమణి వచ్చింది. మమ్మల్ని దాటించే పడవ వాళ్ళ నాన్నదే. ఆయనకి ఒంట్లో బాగోక పడవ తోసే గెడ కూతురు పట్టుకుంది. పదో తరగతి చదివి మానేసిన పిల్ల, పద్దెనిమిదేళ్ళుంటాయి. దిబ్బ మీద దిగిన పావుగంటలో ఏడు గూళ్ళు చూపించింది. ఎలా తెలిసిందని అడిగితే, "పిట్ట దిగిన చోటు కాదండి, దిగాక నడిచి ఆగిన చోటు చూడాలండి" అంది. మేడమ్‌గారు నా వంక చూడలేదు. చూడకపోవడమే నాకు తగిలింది.

ఆ రోజు నుంచి వరస మారింది. ముందు మేడమ్‌గారు, వెనకే నాగమణి, చివర నేను. నా చేతికి ఒక సరుగుడు కొమ్మ ఇచ్చారు. ఇసుకలో అడుగులు కనపడితే కుక్కలో, షికారుకొచ్చిన జనమో ఆ జాడ పట్టుకుని గూళ్ళ దాకా వస్తారు కాబట్టి, చివర నడిచేవాళ్ళు వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వాటిని చెరిపెయ్యాలి. అవసరమైన పనేనని తెలుసు. కాని కుడికాలికి శిక్ష ఇదేననుకున్నాను. దానికి తోడు నాగమణి వెనక్కి తిరిగి, "ఏంటండీ అమ్మాయిగారూ, ఎమ్మెస్సీ చదివి చీపురు పట్టారా!" అని నవ్వేది. మేడమ్‌గారూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, ఏం చేస్తాను.

ఇంకొకటి. మేడమ్‌గారి నోటుబుక్కులో నాగమణి చెప్పిన పిట్ట పేర్లు ఎర్రసిరాతో పైన ఉండేవి. నేను చెప్పిన లాటిన్ పేర్లు కింద పెన్సిలుతో. పెన్సిలు చెరిగిపోతుంది కదండీ అని ఒకసారి అననే అన్నాను. "నీ పేర్లు ఏ పుస్తకంలోనైనా ఉంటాయమ్మా" అన్నారు ఆవిడ. సబబైన మాటే. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

అందుకే అర్జీ పని నెత్తినేసుకున్నాను. ఆ రోజుల్లో తీరం వెంబడి ఉప్పు పర్ర భూములన్నీ రొయ్యల చెరువులవుతున్నాయి. దిబ్బ మీద వలలు ఆరబెట్టేవాళ్ళు, గుడ్లు ఏరుకునే పిల్లలు, పిక్నిక్‌లకి దిగే మా భీమవరం బంధువులు. తీరప్రాంతాల నిబంధనలు, వన్యప్రాణి చట్టం, అన్నీ తిరగేసి మూడు నెలలు కూర్చుని ఇంగ్లీషులో అర్జీ తయారుచేశాను. అధికారులు స్పందించారు. దిబ్బ మీద టేకు బల్లతో బోర్డు పాతారు. ప్రవేశం నిషిద్ధం, ఫలానా చట్టం, ఫలానా సెక్షను, అన్నీ నా అర్జీలో వాక్యాలే. ఇది నాగమణికి చేతకాదు కదా అనుకున్నాను.

వానాకాలం వెళ్ళాక గట్టు మీంచి చూస్తే బోర్డు లేదు. పడవెక్కి కూర్చున్నాక కింద కొత్త బల్ల, దాని మీద తెల్ల అక్షరాలు కనపడ్డాయి. నాగమణి వాళ్ళ నాన్న తల గోక్కుంటూ, "మంచి టేకండి మేడమ్‌గారు. ఎవరూ చదవట్లేదు కదాని తెచ్చానండి" అన్నాడు. మేడమ్‌గారు వెక్కిళ్ళు వచ్చేదాకా నవ్వారు. "ఏమ్మా, నీ ఇంగ్లీషు మీద కూర్చున్నాం. గట్టిగానే ఉంది" అన్నారు.

ఆ ఏడు మాఘంలో ఊరి పెద్దలు వలలు అల్లే పాకలో కూర్చున్నప్పుడు, ఆడపిల్ల మాట్లాడడమేంటని ఒకరిద్దరు గొణుగుతున్నా, నాగమణి లేచి నిలబడింది. "సముద్రంలో చేప ఎక్కడుందో మీకు చెప్పేది ఎవరండీ? ఆ పిట్టలు కాదా? అవి ఎక్కడ మూగితే అక్కడే కదా వల వేస్తారు. మనకి చేప జాడ చెప్పేవాళ్ళ ఇంట్లో పడి పిల్లల్ని తొక్కుతామా?" అంది. తర్వాత కట్టుబాటు చేశారు. శివరాత్రి వెళ్ళింది మొదలు తొలకరి పడేదాకా దిబ్బ మీద ఎవరూ కాలు పెట్టకూడదు.

"మీరు లెక్కకి దిగొచ్చులెండి మేడమ్‌గారు" అన్నారు పెద్దలు.

"నేను దిగితే రేపు ఇంకొకరికి వద్దని ఎలా చెబుతారండీ?" అన్నారు ఆవిడ. ఆ మాటతో మా నడకలు ఆగిపోయాయి. ఆ తర్వాత లెక్కంతా పడవలోంచే, బైనాక్యులర్స్‌తోనే. ఎర్రసిరా పుస్తకం నాగమణి ఒళ్ళో ఉండేది. కొన్నాళ్ళకి సర్కారు నిబంధన కూడా గట్టిపడింది. దానికి నా అర్జీ కూడా కారణమేనని మేడమ్‌గారు పదిమందిలో చెప్పేవారు. ఊళ్ళో మాత్రం దాన్ని ఈనాటికీ నాగమణి కట్టుబాటనే అంటారు. మీలో ఎవరైనా ఆ రేవుకి వెళ్ళి అడిగి చూడండి.

నాకు రాజమండ్రి బదిలీ అయ్యాక రాకపోకలు తగ్గాయి. సెలవుల్లో వెళ్ళేదాన్ని. మేడమ్‌గారి గుమ్మంలో నాగమణి చెప్పులు కనపడితే నా కాళ్ళు బరువెక్కేవి. ఒకసారి చూసి వెనక్కి వచ్చేశాను కూడా.

మేడమ్‌గారు పోయిన మూడోరోజు అస్థికల దగ్గర గొడవయింది. మేడమ్‌గారి తమ్ముడుగారు పెద్దాయన, మెత్తటి మనిషి. ఎక్కడ కలపమంటారమ్మా అని మమ్మల్నే అడిగారు. "దిబ్బ కొసన, నదీ సముద్రమూ కలిసేచోట. ఇసుకలో దిగి కలుపుదామండి. ఆవిడ అన్నేళ్ళు నడిచిన చోటు" అన్నాను.

"దిబ్బ మీద వద్దండి. గుడ్లు పెట్టే రోజులండి" అంది నాగమణి.

"ముగ్గురం, ఒక్కసారి. వరసలో నడుస్తాం. చివర నేను చెరుపుతాను."

"కట్టుబాటండి."

"ఎవరికోసం నాగమణీ కట్టుబాటు? ఆవిడ లేకపోతే నీ కట్టుబాటు ఎక్కడిది?"

"ఆవిడే దిగనన్నారు కదండీ. పాకలో మీరూ ఉన్నారు. మీరు వినలేదా?" అంది. గొంతు పెంచలేదు. కళ్ళ నిండా నీళ్ళు.

విన్నాను. మాట మాట గుర్తుంది. అయినా అడిగాను. నిజం చెప్పాలంటే నేను అడిగింది మేడమ్‌గారి కోసం కాదేమో. ఆ ఇసుక మీద ఇంకొక్కసారి నడవాలని, ఈసారి నాగమణి కంటే ముందు నడవాలని నా కోరిక. తమ్ముడుగారు ఇద్దరినీ చూసి, "మా అక్క ఏమనేదో మీకే తెలియాలమ్మా" అన్నారు. నేను తల దించుకున్నాను. "పడవలోంచే కలుపుదామండి" అన్నాను.

అయినా వెళ్ళేటప్పుడు గట్టు మీద ఒక సరుగుడు కొమ్మ విరుచుకున్నాను. ఎందుకో అడిగితే చెప్పలేను. నాగమణి చూసి, పడవని గట్టుకి దగ్గరగా జరిపింది. పడవలో వెనక కొసన అదే బల్ల. అక్షరాలు అరిగిపోయి, నాకు తప్ప ఎవరికీ తెలియకుండా ఉన్నాయి. దాని మీద కూర్చున్నాను. దిబ్బ దగ్గర పడుతుండగా నాగమణి ఇంజను ఆపేసి గెడ అందుకుంది. తమ్ముడుగారు కుండ వంచారు. పిట్టలు ఒక్కసారి పైకి లేచి, అరిచి, మళ్ళీ దిగాయి.

తిరిగొస్తుంటే నాగమణి నా వైపు చూడకుండా, "నన్ను ఒక్కసారైనా చివర నడవనివ్వమని ఎన్నిసార్లు అడిగానో తెలుసాండీ. మేడమ్‌గారు ఒప్పుకునేవారు కాదు" అంది.

"చీపురు పనికి ఎగబడ్డావా?"

"అదే కదండీ నా కుళ్ళు. ఆ పిల్ల ఒకసారి తొక్కింది, ఇక కాలు ఎక్కడ పెట్టినా భయంగానే పెడుతుంది, వెనక వైపు తనకే వదిలేస్తాను అన్నారండి. నాకు చూపే ఉందిట. భయం లేదుట."

మేడమ్‌గారు నిజంగా అలా అన్నారా? లేక అస్థికల దగ్గర నన్ను ఓడించానని నాగమణి నా కోసం అప్పటికప్పుడు అల్లిందా? ఆ పిల్లకి అల్లడం వచ్చు, వలలు అల్లే ఇల్లు. అడుగుదామనుకున్నాను. అడగలేదు. అబద్ధమైతే అది కూడా పోతుంది.

దిబ్బ వెనకబడుతోంది. ఇసుక మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక్క అడుగూ లేదు. నాగమణి ముందు కొసన గెడ వేస్తోంది, చూపు ముందుకి. నేను వెనక కూర్చున్నాను. చేతిలో కొమ్మ బరువుకి వంగి, దాని చివర్లు నీళ్ళని తాకుతున్నాయి. పడవ గీసిన గీత మీద సన్నటి గీతలు పడుతున్నాయి, కలిసిపోతున్నాయి. రేవు వచ్చేదాకా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.