గూడు విప్పనివ్వని మందు

పరిశోధన చేసే రోజుల్లో ఇంటికి పోతే నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "బెంగళూరులో ఏం చేస్తాండావమ్మా?" నేను గొప్పకు పోయి "వైరస్‌ల మీద పని" అనేదాన్ని. మా బాగేపల్లిలో ఆ మాటకు గౌరవం దొరికేది. చింతామణి దగ్గర మేనత్త ఊళ్లో మాత్రం బ్లీచింగు నీళ్లు దొరికాయి.

అత్త పట్టుపురుగులు పెంచేది. కిందటి పంటలో పురుగులన్నీ ఉబ్బి, ఒంట్లోంచి పాలలాంటి రసం కారి చచ్చిపోయాయి. అది వైరస్ రోగమని ఎవరో చెప్పారట. అప్పటి నుంచి పురుగుల ఇంటి గడప దగ్గర బ్లీచింగు నీళ్ల తొట్టి వెలిసింది. అందులో కాళ్లు ముంచనిదే దేవుడినైనా లోపలికి రానిచ్చేది కాదు.

ఒక శనివారం అత్త ఇంటికి పోయాను. సంచిలో వైరస్ ఉంది జాగ్రత్తని గొప్పగా చెప్పి, స్నానం చేసి వచ్చేసరికి, అందులో ఉండాల్సిన వైరస్ నమూనా ఆ తొట్టిలో తేలుతోంది. ఇరవై ముక్కోణపు అట్టముక్కలు అతికించి, రెండు వారాలు కూర్చుని చేసిన బంతి అది. సోమవారం పరీక్షకుల ముందు పెట్టి నా పని వివరించాలి. వాళ్లు మెచ్చకపోతే నా పరిశోధన అంతటితో సరి. నాకు కోపంతో ఏడుపొచ్చింది.

"అది అట్టబొమ్మత్తా!"

"నువ్వే కదమ్మా వైరస్ అంటివి? సంచిలో పెట్టుకొని ఇంట్లోకి తెస్తే ఊరికే ఉంటానా?"

సంగతి తెలిశాక అత్త ముఖం చిన్నబోయింది. నాకు సంగటి వడ్డించి, ఎదురుగా కూర్చుని, "సరే, అదేందో నాకు చెప్పు" అంది.

చెప్పాను. పిల్లలకు పోలియో చుక్కలు వేయిస్తామే, ఆ పోలియోకు దాయాదులైన వైరస్‌లు ఇవి. ప్రతిదానికీ గట్టి పెంకు, పెంకులో చిన్న చిన్న గుంతలు. మన ఒంట్లో కణం మీద వాలాక పెంకు విప్పుకుని లోపలి సరుకును అందులోకి వదులుతుంది. ఆ గుంతలో సరిగ్గా పట్టే మందును ఇరికిస్తే పెంకు విప్పుకోలేదు. గుంత ఆకారం తెలిస్తే దానికి తగ్గ మందును వెతకొచ్చు. నా పని అదే.

అత్త లేచిపోయి, వెదురు తట్టలోంచి ఒక పట్టుగూడు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇదీ అంతే కదా. రెక్కల పురుగు చీల్చుకొని బయటికొస్తే గూడు పాడు. అంతలోపలే మేము మార్కెట్టుకు ఎత్తుకొని పోతాము. దీన్ని చూపించు. వారంలోపల చూపించెయ్, తర్వాత నా పూచీ లేదు."

పరీక్ష వారం వాయిదా పడింది. అత్త పెట్టిన గడువు నాకు గుర్తే లేదు.

పరీక్ష రోజు గూడున్న అట్టపెట్టె పట్టుకుని నిలబడి, తడబడుతూనే అంతా చెప్పుకొచ్చాను. ఒక పెద్దాయన కళ్లద్దాలు పైకి తోసి, "మందు ఆ గుంతలో నిలవకపోతే?" అని అడిగారు. గూడు చూపిద్దామని మూత తీశాను. గూటికి బెజ్జం. పక్కనే తెల్లటి రెక్కల పురుగు, ఇంకా తడిగా, వణుకుతూ.

"ఇదిగో, ఇదవుతుంది సార్" అన్నాను. ముందు నవ్వింది ఆయనే. నా పని కొనసాగించమన్నారు.

సాయంత్రం అత్తకు ఫోన్ చేశాను. సంతోషపడింది, మంచి గూడు పాడు చేశావని తిట్టింది. తర్వాత మెల్లగా అడిగింది: "అయితే మా పురుగులకు ఎప్పుడొస్తాదమ్మా మందు?"

"మనుషుల మందే ఇంకా దొరకలేదత్తా" అన్నాను. నిజంగా సిగ్గేసింది.

"పోనీలే. దొరికేంతవరకు మా తొట్టి నీళ్లుండాయి. కావాలంటే నీకూ ఒక క్యాను పంపిస్తా."