అన్నవరం దాటాక, రాళ్లగుట్ట మీద ఏడుపు

జింబాబ్వేలో బోర్‌వెల్ రిగ్గు మీద పనిచేసిన రెండేళ్లలో నన్ను గజగజ వణికించింది సింహం కాదండి, చెవులపిల్లి! అక్కడ బండరాళ్ల మధ్య ఎర్రతోక చెవులపిల్లులుంటాయి. పగలు కనపడవు. సందెవేళ బెదిరితే మాత్రం అచ్చం పసిపిల్లలా కెవ్వుమంటాయి. మనవైపు గుట్టల్లోనూ చెవులపిల్లులున్నాయి కదా, చూసొద్దామని మొన్న ఆదివారం మధ్యాహ్నం రాజమండ్రిలో పాసింజరెక్కి అన్నవరంలో దిగాను. అక్కణ్ణుంచి ఊరవతలి రాళ్లగుట్టదాకా రానూపోనూ ఆటోకి ఆరు వందలు. దారిలో ప్రసాదం ఆకుపొట్లం కొనుక్కున్నాను. "కిందే ఆపుతానండి, పైకి మాత్రం నన్ను రమ్మనకండి బాబూ," అన్నారు డ్రైవర్ సత్తిబాబు గారు. ఏం, పులులున్నాయా అంటే, "పులైతే నయమండి," అంటూ ఆటో స్టార్ట్ చేశారు.

గుట్ట కింద ఒకటే టీ బడ్డీ. నడిపే వెంకాయమ్మ గారు నాకు టీ ఇచ్చి, వేరే గ్లాసులో పాలు చల్లార్చి, కొంగుచాటున పెట్టుకుని గుట్టవైపు బయలుదేరారు. ఎవరికండీ అనడిగాను.

"మా మనవరాలికి బాబూ. పురిటి నెల తిరక్కుండానే పోయినవారం పోయింది. పసిగుడ్డుని కాల్చకూడదు కదండీ, ఆ రాళ్ల పక్కనే పూడ్చాం. మూడ్రోజులుగా సందెవేళ ఏడుస్తోంది." ఆవిడ గ్లాసు మీద కొంగు సర్దుకున్నారు. "ఊపిరుండగానే తొందరపడి పూడ్చేశామేమోనండి. రేపు తవ్వించి చూడాల్సిందేనని మా అమ్మాయి పట్టుబట్టింది. అసలే పచ్చి బాలింత. తవ్వితే కనిపించేది చూసి తట్టుకుంటుందాండీ?"

అంతలోనే వినిపించింది. కెవ్వుమని, ఆగి, మళ్లీ. తెలిసిన గొంతే, అయినా నేను బడ్డీ దగ్గరే ఆగిపోయాను. పాలు ఒలికిపోతున్నా ఆవిడ పరుగెడుతుంటే సిగ్గేసి వెనకే వెళ్లాను. చిన్న మట్టిదిబ్బ, కుక్కలు రాకుండా దానిమీద ముళ్లకంప. ఏడుపు అందులోంచి కాదు, పక్క రాళ్ల సందులోంచి. ఎవరో పన్నిన తీగ ఉచ్చులో వెనక్కాలు చిక్కి చెవులపిల్లి గింజుకుంటోంది. తువ్వాలు కప్పి తీగ విప్పేసరికి నా వేళ్లు తెగాయి. వదలగానే అది గుట్ట దిగి చేలోకి పారిపోయింది.

"ఇదేనాండీ ఏడ్చింది?"

"ఇదేనమ్మా. ఇలాంటి ఉచ్చులు ఇంకా ఉండుంటాయి. మీ పాప కాదు."

"అయితే తవ్వొద్దని చెప్పెయ్యనా?"

"చెప్పెయ్యండి."

ఆవిడ అక్కడే కూలబడి భోరుమన్నారు. మిగిలిన పాలు దిబ్బ మీద పోసి, నాతోపాటే కిందికొచ్చారు.

ఆటో ఎక్కుతుంటే పైనుంచి మళ్లీ కెవ్వుమంది. సత్తిబాబు గారు నా మొహం చూశారు. "ఇంకో ఉచ్చండి," అన్నాను, ఆవిడకి వినపడేలా గట్టిగా. ఆవిడ తలూపి బడ్డీ కట్టేశారు.

తిరుగు రైల్లో ప్రసాదం పొట్లం విప్పనేలేదు. చెవులపిల్లి గొంతు నాకు తెలుసు, పసిపిల్ల గొంతూ తెలుసు. ఆ రాళ్లలో రెండూ ఒక్కలాగే ఉంటాయి. మీరు ఆ గుట్టకి వెళ్తే వెలుతురుండగానే వెళ్లండి, తీగ కోయడానికి కటింగ్ ప్లేయర్ ఒకటి జేబులో వేసుకోండి. ఏడుపు వినిపిస్తే ప్రతిసారీ వెళ్లి చూడండి. రెండోసారి నేను చూడలేదు.