పక్కింటావిడ తుపాకికి తేలిక గుండ్లు

మా పక్కింటి తెల్లావిడ భుజానికి ఆపరేషన్ అయిన ఏడాది, ఆవిడ దగ్గరున్న తుపాకి తీసుకుపోతానని కొడుకు పట్టుబట్టాడు. ఆ తుపాకి ఆవిడ భర్తది. ఆయన ఉన్నన్నాళ్లూ ప్రతి శనివారం ఇద్దరూ ఊరి బయట షూటింగ్ రేంజికి వెళ్లి కాగితం పళ్లేలకి గురి చూసి కాల్చేవారట. ఆయన పోయాక ఏటా ఆయన పుట్టినరోజున ఆవిడ ఒక్కతే వెళ్లి అయిదుసార్లు కాల్చి వచ్చేది, మనం తద్దినం పెట్టినంత నిష్ఠగా. తుపాకి పేలినప్పుడు వెనక్కి తన్నే తన్నుకి భుజం మళ్లీ పాడవుతుందని కొడుకు భయం. "నీ వల్ల కాదమ్మా" అన్నాడు. ఆవిడ వినలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఈసారి పుట్టినరోజుకి తనూ వస్తాడు. తన కళ్లముందు అయిదూ కాల్చగలిగితే తుపాకి ఆవిడ దగ్గరే ఉంటుంది. లేకపోతే అతని కారెక్కుతుంది.

ఈ సంగతంతా ఆవిడ మా వంటింట్లో కాఫీ తాగుతూ చెప్పింది. తుపాకుల గురించి నాకు తెలిసింది సున్నా. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడకదు. కానీ "నీ వల్ల కాదు" అన్న మాట ఎవరు ఎవరితో అన్నా నాకు ఒళ్లు మండుతుంది. పైగా ముప్పై ఏళ్లు ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసి ఆ వేసవి మొదట్లోనే రిటైరయ్యాను, ఏ పనీ తోచక చేతులు దురద పెడుతున్నాయి.

"ఆ తన్ను డోసు తగ్గించలేమా?" అని అడిగాను.

"తన్నడం దాని స్వభావం హనీ. అలవాటు చేసుకోవడమే," అంది.

మర్నాడు వాళ్ల గ్యారేజీలో ఆవిడ భర్త బల్ల ముందు నిలబడ్డాను. ఆయన తూటాలు తనే చేసుకునేవారట. తూటా అంటే నాలుగు వస్తువులని నాకు అక్కడే తెలిసింది. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ల, లోపల పౌడరు, మూతిలో గుండు. కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా సరిచేసి మళ్లీ నింపుకోవచ్చు. తుపాకేమో కింద లీవరు లాగి తూటా ఎక్కించే పాతకాలంది, దాని తూటాని థర్టీ-థర్టీ అంటారు. బల్లమీద జంతికల గొట్టానికి పెదనాన్నలాంటి ప్రెస్సు ఉంది, పక్కన చిన్న త్రాసు. ఆ త్రాసు మీద కొలత గ్రెయిన్లలో ఉంది. గుంటూరులో ఫార్మసీ చదివేటప్పుడు మా మాస్టారు బట్టీ పట్టించి ప్రాణం తీసిన పాత కొలత! పుట్టింటి చుట్టాన్ని చూసినట్టయింది.

తూటాల కొలతలకి ఆయన వాడిన పుస్తకం తెచ్చుకుని రెండు రోజులు చదివాను. ఆయన నింపింది నూట డెబ్బై గ్రెయిన్ల గుండు, జింకల వేటకి తగింది. కాగితం పళ్లేనికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. నూట పది గ్రెయిన్ల గుండు పెట్టి, దానికి పుస్తకం చెప్పినంత పౌడరే వేస్తే తన్ను బాగా తగ్గుతుందట. అలాంటివి దుకాణాల్లో దొరకవు. ఆ ఏడాది మామూలు తూటాలకే దిక్కులేదు, అరలన్నీ ఖాళీ.

సంగతి విని మా ఆయన లాప్‌టాప్ మూసేశారు.

"నీకేమన్నా మెంటలా? రిటైరయ్యాక యోగా క్లాస్‌లో జాయిన్ అవ్వమంటే గన్ పౌడర్ మిక్స్ చేస్తానంటావేంటి?"

"మిక్స్ చేయడం కాదండీ, తూచడం. ముప్పై ఏళ్లు నేను చేసిందదేగా."

"హోమ్ ఇన్సూరెన్స్ వాడికి తెలిస్తే?"

"మన గ్యారేజ్‌లో కాదు, ఆవిడ గ్యారేజ్‌లో."

"అయితే ఓకే," అని లాప్‌టాప్ తెరుచుకున్నారు. ఆయన భయాలు ఎప్పుడూ మా కంచె దగ్గర ఆగిపోతాయి.

ఆసుపత్రిలో మాకో పద్ధతి ఉండేది. ఒకరు కలిపిన మందుని రెండోవాళ్లు చూసి సంతకం పెట్టందే అది గది దాటదు. ఇక్కడా అదే పెట్టాను. నేను తూచాలి, ఆవిడ సరిచూసి కాగితం మీద సంతకం చేయాలి. ఎంత చాదస్తమోనని ఆవిడ నవ్వింది.

గుండ్లు రావడానికి నెల పట్టింది. డబ్బా విప్పితే ఎంత ముచ్చటగా ఉన్నాయో! సన్నగా, కొనదేరి, లేత బెండకాయల్లా. బరువులోనూ చూపులోనూ ఇవే బాగున్నాయని నేనే ఏరి తెప్పించాను. ఆవిడ ఒకటి తీసుకుని కొనమీద వేలు పెట్టి చూసింది. కలం కింద పెట్టేసింది.

"నేను సంతకం పెట్టను."

"బరువు సరిగ్గానే ఉందిగా?"

"బరువు సంగతి కాదు, మొన చూడు. ఈ తుపాకిలో తూటాలు ఒక గొట్టంలో వరసగా ఉంటాయి. వెనకదాని మొన ముందుదాని మడమకి ఆనుతుంది. నిప్పు బిళ్ల ఉండేది ఆ మడమలోనే. ఒకటి కాల్చిన అదురుకి ఈ మొన వెళ్లి ఆ బిళ్లని పొడిస్తే?"

ఆ హెచ్చరిక పుస్తకంలో పెద్ద అక్షరాల్లోనే ఉంది. అంకెల ధ్యాసలో పడి పేజీ తిప్పేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, అది నా గురించే. రెండు రోజులు సిగ్గుతో ఆవిడ గుమ్మం తొక్కలేదు. మూడో రోజు ఆవిడే వచ్చింది.

"తప్పు పట్టుకుంది నీ పద్ధతే కదా. పద, మళ్లీ ఆర్డర్ చేద్దాం," అంది.

ఈసారి అదే బరువులో మొద్దు మూతివి వచ్చాయి. సేరు పాలకి గరిటెడు కొసరు అడిగే జాతి మనది. ఈ పనిలో కొసరు లేదు, రవ్వ ఎక్కువైనా వెనక్కి తీయాల్సిందే. ఇరవై తూటాలు చేశాం, ఇరవై సంతకాలు. నాకు ఆ గ్యారేజీలో గడిపిన పొద్దులంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

మందు చేసినవాళ్లే ముందు మింగాలని మొదటిది నేనే కాల్చాను, రేంజిలో, అరవై ఏళ్ల వయసులో, చెవులకి డిప్పలు పెట్టుకుని. ఎవరో వెనక నుంచి భుజం తట్టి పిలిచినట్టుంది, అంతే. గుండ్లు మాత్రం జానెడు కిందికి తగిలాయి. తుపాకి మీద గురి చూసే పలకని రెండు మెట్లు పైకి జరిపితే సరిపోయింది.

అక్టోబరులో, ఆయన పుట్టినరోజున, కొడుకు రేంజికి వచ్చాడు. చేతులు కట్టుకుని తల్లికి ఒక్క అడుగు వెనకే నిలబడ్డాడు, ఏ క్షణాన పడిపోతుందో పట్టుకోవాలన్నట్టు. ఆవిడ నాలుగు కాల్చింది, నాలుగూ పళ్లేనికే తగిలాయి. అయిదోదానికి తుపాకి దించేసింది. అతను గబుక్కున ముందుకొచ్చాడు.

"కళ్లజోడు జారింది, అంతే. నువ్వు వెనక్కి పో," అని అద్దాలు సర్దుకుని అయిదోదీ కాల్చింది.

అతను నన్నడిగి ఒక తూటా తను కాల్చి చూశాడు.

"ఇంత మెత్తగా ఉందేమిటి? చిన్నప్పుడు నాన్న ఒకసారి నాతో కాల్పిస్తే వారం రోజులు భుజం కమిలిపోయింది. అది నీకెలా ఉంటుందోననే కదమ్మా నా భయం," అన్నాడు. తుపాకిని పెట్టెలో సర్ది, తన కారులో కాదు, నా కారు డిక్కీలో పెట్టి వెళ్లాడు.

నాకు ఆ పూట ఏనుగెక్కినట్టుంది. కారు మా వీధిలోకి తిరిగాక ఆవిడ నెమ్మదిగా చెప్పింది.

"నా భుజమూ కమిలేది. ప్రతి శనివారం. ఆయనకి కనపడకుండా ఐసు పెట్టుకునేదాన్ని."

"మరి ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే నన్ను తీసుకెళ్లడం మానేస్తాడేమోనని."

"మానేసేవారా?"

"లేదు," అంది. "చెప్పి ఉంటే ఆ సాయంత్రమే గ్యారేజీలో కూర్చుని నాకిలాంటి తేలికవి చేసి పెట్టేవాడు. అది నాకు ఇవాళే తెలిసింది."

నేను కారాపాను. ఆవిడ దిగలేదు.

"వచ్చే శనివారం నీకు ఖాళీయేనా?" అని అడిగింది.

ఖాళీయే అన్నాను.