బావకి నప్పిన చీర

నేను డిగ్రీ వెలగబెడుతున్న రోజుల్లో నా ఈర్ష్య అంతా ఒక్క మనిషి మీదే ఉండేది. ఆ మనిషి మా మేనత్త కొడుకు, ఆమదాలవలసలో మా చీరల కొట్లో పనిచేసే బావ. ఆడపని, మగపని అనేవి పుట్టుకతో రావనీ, చుట్టూ ఉన్నవాళ్ళు నేర్పేవేననీ మా సోషియాలజీ మేడమ్ చెబుతుంటే క్లాసులో అందరికంటే ముందు నేనే తలూపేదాన్ని. రుజువు మా కొట్లోనే ఉంది మరి! ప్యాంటు మీద చీర చుట్టి, కుచ్చిళ్ళు పోసి, పైట భుజాన వేసుకుని బావ అద్దం ముందు తిరిగితే ఆడవాళ్ళు కళ్ళార్పేవారు కాదు. (నాకేమో పిన్నీసులు లేనిదే పైట నిలిచేది కాదు.) నాకూ కొట్లో నిలబడి చీరలు అమ్మాలని ప్రాణం కొట్టుకునేది. నాన్న మాత్రం, ఆడపిల్ల కొట్లో ఉంటే జనం ఏమనుకుంటారని కొట్టిపారేసేవాడు. మేనల్లుడు చీర కట్టుకుని నిలబడితే జనం ఏమీ అనుకోరు కాబోలు. నా వంతుకి మధ్యాహ్నం క్యారేజీ మోయడమే మిగిలింది.

శ్రావణమాసంలో ఒకరోజు అలా క్యారేజీ పట్టుకెళ్ళేసరికి, రైలు దిగి వచ్చిన ఒకావిడ బావ ఒంటి మీది చిలకపచ్చ చీర చూసి మురిసిపోతోంది. ఆ బాబుకి ఎంత నప్పిందో చూడమని అందర్నీ పిలిచి మరీ చూపిస్తోంది. బావ సిగ్గు కూడా పడ్డాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఎలాగైనా ఆ బేరం చెడగొట్టాలనిపించింది.

"బావకి నప్పింది పిన్నీ, నీకు నప్పదు. కట్టుకునేది నువ్వా, మా బావా?" అనేశాను.

నాన్న గుడ్లురిమాడు. ఆవిడ చీర తన భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంది.

"నిజమేనమ్మా. ఈ మగోళ్ళు ఏది సూపించినా బాగుందనే అంటారు. నువ్వే ఓటి తియ్యి" అంది.

చెడగొట్టబోయిన నేను బిక్కమొహంతో వంకాయరంగు చీర తీశాను. అది తనకీ, నేనే ఏరిన ఇంకోటి కోడలికీ కొనుక్కుని వెళ్ళింది. నాన్న ఆ డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి గల్లాలో వేశాడు. తర్వాత అన్నం ముందు కూర్చుని, "రేపట్నుంచి క్యారేజీ బావ తెస్తాడు. నువ్వు పొద్దున్నే కొట్టుకి వచ్చీ" అన్నాడు.

ఇప్పుడు గల్లా దగ్గర కూర్చునేది నేనే. ఆ బావనే చేసుకున్నాను (కుచ్చిళ్ళు పోసేవాడు ఇంట్లో ఉండటం మంచిదే కదా). మొన్న మా పెళ్ళిరోజుకి నాకు నచ్చిన చీర ముందు ఆయన చేత కట్టించి చూశాను. ఎంత బాగుందో! తర్వాత నేను కట్టుకున్నాను. ఇన్నేళ్ళయినా కడుపుమంట మాత్రం అదే. బావ నన్ను కిందా మీదా చూసి, "నిజం సెప్పమంటావేటి?" అన్నాడు.

"వద్దు బావా, మన కొట్లో నిజం సెప్పే పని నాది" అన్నాను.