సారు చేతిలో ఖాళీ పేజీ

1989లో మిర్యాలగూడలో, సాగర్ రోడ్డు మీద నాకు బొమ్మలు గీసే చిన్న దుకాణం ఉండేది. సైన్ బోర్డులు రాసేవాణ్ణి. అడిగినవాళ్లకు చాక్ ప్యాస్టెల్‌తో మనుషుల బొమ్మలు గీసేవాణ్ణి. ప్యాస్టెల్ అంటే రంగు సుద్దముక్క. వేలితో రుద్దితే కాగితం మీద చర్మంలా మెత్తబడుతుంది. పైన రంగును పట్టి ఉంచే ఫిక్సేటివ్ మందు కొట్టకపోతే అదే వేలికి అంటుకుని వచ్చేస్తుంది.

గరిడేపల్లి నుంచి అనసూయమ్మ అనే ఆవిడ వచ్చింది. ఆమె భర్త బడిలో తెలుగు పండితుడు, పోయి రెండేళ్లయింది. తెచ్చింది ఒక్క గ్రూప్ ఫొటో. అందులో ఆయన ముఖం కందిగింజంత.

"సదువుకుంట కూసున్నట్టు గియ్యాలె తమ్మీ," అంది.

ఆయన భుజం పక్కనుంచి చూస్తున్నట్టు, తెరిచిన పేజీ కనిపించేలా గీశాను. వారం తర్వాత వచ్చి చాలాసేపు చూసింది.

"మొఖం మా సారుదే. పుస్తకంల ఏం లేదేంది?"

అక్షరాల చోట సన్నటి గీతలు పెట్టాను. బొమ్మలు గీసేవాళ్లమంతా అలాగే చేస్తాం.

"మీకు సదువొస్తదా అమ్మా?" అని అడిగాను.

"రాదు. గని గీతలేవో అక్షరాలేవో ఎరుకే. రోజూ పొద్దూకినంక ఆయన సదివి ఇనిపిస్తుంటే పక్కన కూసొని సూసిన గద."

మర్నాడు అట్ట ఊడిన నవల ఒకటి తెచ్చింది. మధ్యలో బస్ టికెట్ పెట్టి ఉంది. ఆయన అక్కడిదాకా చదివి దవాఖానకు పోయాడట. తిరిగి రాలేదు. ఆ చోట కథలో ఒక పిల్ల రేవు దగ్గర నిలబడి ఉంది.

"పడవెక్కిందో లేదో నాకు తెల్వదు. మా చెల్లె బిడ్డ సదువుతనన్నది గని, వేరేటోళ్ల గొంతుతోని ఇనబుద్ధి కాలే. టికెట్ తర్వాతి పేజీ రాయి తమ్మీ. ఆయన ముంగటికి పోవాలె."

ప్యాస్టెల్ మొన మొద్దుగా ఉంటుంది. బ్లేడుతో చెక్కి, బొమ్మలోని పేజీలో పట్టినంత రాయడం మొదలుపెట్టాను. అక్షరం తప్పు పోకుండా బోర్డులు రాసేవాళ్లం లోలోపల పలుకుతూ రాస్తాం. నాకు తెలియకుండానే గొంతు పైకొచ్చింది. పిల్ల మెట్లు దిగింది. పడవవాడు చెయ్యి అందించాడు. వేరేవాళ్ల గొంతు వద్దన్న ఆమె మాట అప్పుడు గుర్తొచ్చి ఆపేశాను.

"పనిల పడి మరిచిపోయిన అమ్మా."

"ఆపకు. ఎక్కిందా?"

"ఎక్కింది."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. మిగతాది కూడా చదవనా అని అడిగాను.

"వద్దు తమ్మీ. మిగిలింది ఇంటికాడ సారు సదువుతడు."

ఆ తర్వాత పదేళ్లు బొమ్మలు గీశాను. ముక్కు ఎలా ఉండేది, కళ్లు ఎలా ఉండేవి అని ముందుగా అడగడం మానేశాను. ఏ పని సగంలో ఉండగా ఆ మనిషి పోయాడో అడిగేవాణ్ణి. దానికి జవాబు చెప్పేటప్పుడు ఎవరూ ఫొటో వంక చూడలేదు.